కిరోసిన్‌తో తేనెటీగల దినోత్సవం

తేనెటీగల సంక్షేమం కోసం కర్నూలులో ఒక ఆఫీసు పడ్డ శ్రమ లోకానికి తెలియకుండా పోతుందేమోనని నా బాధ. అందుకే ఈ నాలుగు ముక్కలు. ఆఫీసు పేరు చెప్పను. మీ ఊళ్లో ఉన్నదాన్నే ఊహించుకోండి, పెద్ద తేడా ఉండదు.

మే 20 ప్రపంచ తేనెటీగల దినోత్సవం. స్లొవేనియా అనే చిన్న దేశం పట్టుబడితే 2017లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. వాళ్లకు తేనెటీగలంటే అంత ప్రేమ. మన ఆఫీసుకూ ప్రేమే, కాకపోతే చిన్న చిక్కొచ్చిపడింది. ఆవరణలో వాటర్ ట్యాంకు కింద నిజం తేనెటీగలు ఉన్నాయి. కొండ తేనెటీగలు, చేటంత పట్టు. దినోత్సవానికేమో పెద్దసారు వస్తున్నారు. ఆయన్ని ఒక్క ఈగ కుట్టినా ఎవరి సీటుకు ఎసరొస్తుందో అందరికీ తెలుసు. టెన్షన్ ఉండదా మరి? 19 రాత్రి ఇద్దరు మనుషుల్ని పిలిపించారు. వెదురుగడకు గోనెసంచి చుట్టి, కిరోసిన్ పోసి, అంటించి, కింది నుంచి పట్టారు. పది నిమిషాల్లో పనైపోయింది.

మీకు ఆశ్చర్యం కలగలేదు కదూ? నాకూ కలగలేదు.

పొద్దున ఆరున్నరకు నేను అటుగా వాకింగ్‌కు పోతుంటే, ఊడ్చే ఆమె ట్యాంకు కింద చీపురు పట్టుకుని నిలబడి ఉంది. కాళ్ల దగ్గర కాలిన ఈగలు, మాడిన వేరుశనగ బుడ్డల పొట్టులాగా కుప్ప. కొన్ని రెక్కల్లేకుండానే పాకుతున్నాయి. "ఇవి యాడ పోసేది సార్?" అని నన్నడిగింది. చొక్కా టక్ చేసుకున్నానని నన్ను ఆఫీసు మనిషి అనుకుంది. యాడ పోయాలో నాకు మాత్రం ఏం తెలుసు?

పదిన్నరకన్న సభ పన్నెండున్నరకు మొదలైంది. ట్యాంకు స్తంభానికి పట్టిన మసి కనబడకుండా "తేనెటీగలను కాపాడుకుందాం" అని ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మూలన స్పాన్సర్ ఫొటో: పురుగుమందుల షాపు యజమాని, చేతులు జోడించి. వేదిక మీద పూలన్నీ ప్లాస్టిక్‌వి. అసలు పూలు పెడితే ఈగలొస్తాయి కదా, ముందుచూపు ఉండాలి. ఒక బడిపిల్లాడికి పసుపుపచ్చ స్వెటర్ తొడిగి, నల్ల టేపు చుట్టి, థర్మాకోల్ రెక్కలు కట్టారు. కర్నూలు ఎండలో, మే నెలలో, ఉన్ని స్వెటర్! రెండు గంటలు వాణ్ని గేటు దగ్గరే నిలబెట్టారు. ఒక రెక్క ఊడింది. నీళ్లు కావాలని ఏడ్చాడు. కూర్చోనివ్వలేదు. పాపం, వాళ్లకూ తప్పదు. ఆ రోజు ఆ ఆవరణలో బతికున్న తేనెటీగ వాడొక్కడే.

తర్వాత ఐదుగురు రైతులకు తేనెపెట్టెలు పంచారు. పెద్దసారు ఒక పెట్టె మూత తీసి, లోపలికి చాలాసేపు చూసి, తృప్తిగా తల ఊపారు. ఫొటో తీశారు. పెట్టె ఖాళీ. "ఈగలేవి సార్?" అని ఒక రైతు అడిగితే రెండో విడతలో వస్తాయన్నారు. ట్యాంకు కింద ఉన్నవాటిని ఇందులోకి పట్టి ఉండొచ్చు కదా అంటారేమో. కుదరదు. కొండ తేనెటీగ పెట్టెలో కాపురం చేయదు. ఆరుబయట ఒకే పట్టు వేలాడదీసి, సీజన్ మారితే తనంతట తానే వెళ్లిపోతుంది. ఆ సంగతి ఆ ఆఫీసుకు తెలియాలి. అది వాళ్ల పని. ఇంకొన్నాళ్లు ఆగితే కిరోసిన్ ఖర్చన్నా మిగిలేది.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. ఇక్కడ చంపినవాళ్లే చారెడని కొలిచి మైకులో చెప్పారు. ఒక వక్త ఐన్‌స్టీన్‌ను కూడా లాక్కొచ్చారు. తేనెటీగలు పోతే మనిషి నాలుగేళ్లకు మించి బతకడని ఆయన అన్నాడట. అన్నట్టు ఎక్కడా దాఖలా లేదు, వాట్సాప్‌లో తప్ప. వరి, గోధుమ, జొన్న, కొర్రలకు తేనెటీగతో పనిలేదు. గాలికో తమంతట తామో గింజ కడతాయి. వేరుశనగకూ అక్కర్లేదు. కాబట్టి మనమేం చావము సార్. జొన్నరొట్టె ఉంటుంది. అందులోకి ఏముంటుందన్నదే ప్రశ్న. కాకర, గుమ్మడి, దోస, కర్బూజ, మామిడి, ధనియాలు, ఇవన్నీ ఈగ వాలితేనే బాగా కాసేవి. మన కర్నూలు ఉల్లిగడ్డ భూమిలోనే ఊరుతుంది, నిజమే. కానీ దాని విత్తనం పూలగుత్తి మీద ఈగ తిరిగితేనే కడుతుంది. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహారపంటల్లో నాలుగింట మూడు వంతులు ఇలా పురుగో పక్షో వచ్చి పుప్పొడి మోస్తేనే ఎంతో కొంత నిలబడేవి. ఇది వాట్సాప్ లెక్క కాదు.

పొద్దుతిరుగుడు సంగతి చూడండి. ఈగలు వాలకపోతే పువ్వు నడిమధ్య అంతా తాలు. అప్పుడేం చేయాలో శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు: చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని పొద్దున తొమ్మిది నుంచి పదకొండు లోపల, రోజు మార్చి రోజు, ప్రతి పువ్వునూ నిమరాలి. ప్రతి పువ్వునూ! ఎకరంలో ఎన్ని పువ్వులుంటాయో ఏసీ గదిలో కూర్చుని లెక్కేయండి. నిమిరేది ఎవరు? కూలికొచ్చిన ఆడవాళ్లు. ముక్కులోకి పుప్పొడి, మెడ మీద ఎండ. ఈగ జీతం అడగకుండా చేసిన పని ఇది.

మనిషి వేలితో పువ్వును కలపడం ఈ సీమకు కొత్తేమీ కాదు. నంద్యాల వైపు హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో సాయంత్రం మొగ్గ ఒలిచి కేసరాలు తీసేస్తారు, పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దుతారు. క్రాసింగ్ అంటారు. అది రకాన్ని కలపడానికి, ఈగలు లేక కాదు, ఒప్పుకుంటాను. కానీ ఏళ్ల తరబడి ఆ పని ఎవరితో చేయించారు? బడి మాన్పించిన ఆడపిల్లలతో. ఎందుకంటే పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయట, మొక్క వాళ్ల ఎత్తుకు సరిపోతుందట! పదేళ్ల పిల్లను పట్టుకుని ఆ మాట అనగలిగిన నోరు రేపు కూరగాయల తోటల్లో మాత్రం ఊరుకుంటుందా? ఈగల్ని కాల్చేస్తారు, మందు కొట్టి చంపేస్తారు. యూరప్ వాళ్లు 2018లో ఆరుబయట పంటలకు వద్దన్న పురుగుమందు ఇమిడాక్లోప్రిడ్ ఇక్కడ సబ్బుబిళ్ల కొన్నంత సులువుగా దొరుకుతుంది. తీరా పూత రాలిపోయాక ఇంకెవరి బిడ్డల వేళ్ల కోసమో చూస్తారు. సిగ్గుండాలి. చప్పట్లెందుకు కొట్టారయ్యా మీరంతా?

నల్లమలలో చెంచులు తేనె తీస్తారు. కొండచరియ మీద తాడు కట్టుకుని దిగుతారు. పైన తాడు పట్టుకునే పనికి బావమరిదినే నమ్ముతారంటారు, అక్క పసుపుకుంకుమలు కోరేవాడు చేయి వదలడు కదా. మన ఆఫీసు బావమరిది గడ పట్టుకుని కింద నిలబడ్డాడు, అంతే తేడా.

సభ ముగిశాక లడ్డూలు పంచారు. కాలుస్తూ కుట్టించుకున్న ఇద్దరూ డబ్బుల కోసం గేటు దగ్గర కాచుకుని ఉన్నారు. ఒకతని పెదవి బూరెలా వాచింది. గుమాస్తా నోట్లు లెక్కపెడుతుంటే, వాచిన మూతితోనే చెప్పాడు: "వచ్చే యేడు నెల ముందే ఒక మాట చెప్పండి సార్. మే 19న అన్ని ఆఫీసుల నుంచీ ఫోన్లు, తట్టుకోలేకపోతున్నాం."