కూతవేటు ఎంత దూరం?

రియల్ ఎస్టేట్ వాళ్లు అబద్ధాలాడతారని లోకంలో ఒక అపవాదు ఉంది. ఇది ఘోరమైన అన్యాయం. హైదరాబాద్ చుట్టుపక్కల పంచే వెంచర్ బ్రోచర్లను ఓపిగ్గా చదవండి, అబద్ధం ఒక్కటీ దొరకదు. దొరికేదంతా వ్యాకరణమే. అది వచ్చినవాళ్లు అమ్ముతారు, రానివాళ్లు కొంటారు.

ఈ భాషలో దూరాన్ని నిమిషాల్లో కొలుస్తారు. ‘ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు’ అంటే అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్ల చొప్పున పోతే 20 నిమిషాలు, అంటే 40 కిలోమీటర్లు. సైటు దగ్గర్నుంచి అవుటర్ ఎక్కేదాకా గతుకుల్లో పట్టే అరగంట ఇందులో కలవదు. ఆ వాక్యం అవుటర్ గురించి చెప్పింది గానీ మీ కారు గురించి కాదు. ‘రీజనల్ రింగ్ రోడ్డుకు కూతవేటు దూరం’ అన్నది ఇంతకంటే నిజాయతీ గల మాట. కూత ఎవరిదో చెప్పలేదు. రోడ్డే ఇంకా పడలేదు కనుక మనం కూసినా అటునుంచి ‘ఓయ్’ అనేవాడు ఉండడు.

బడిలో నేర్పిన కాలాలకు బ్రోచర్ పండితులు ఇంకొకటి చేర్చారు: ప్రపోజ్డ్ కాలం. ప్రపోజ్డ్ మెట్రో, ప్రపోజ్డ్ ఐటీ పార్కు, ప్రపోజ్డ్ 100 అడుగుల రోడ్డు. ఇందులో కర్త కనపడడు. ప్రతిపాదించింది కరపత్రం అచ్చువేయించినవాడే అయినా వ్యాకరణానికి అభ్యంతరం లేదు.

‘ఎల్పీ నంబరు (లేఅవుట్ పర్మిట్ నంబరు) వచ్చేసింది’ అన్నా నిజమే. వచ్చింది తాత్కాలిక అనుమతికి. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పనులు పూర్తిచేసి చూపిస్తే ఫైనల్ లేఅవుట్ ఇస్తారు. అప్పటిదాకా 15 శాతం ప్లాట్లు అధికారుల దగ్గర తనఖాలో ఉంటాయి. ఆ తనఖా ప్లాట్లనే ‘ఈస్ట్ ఫేసింగ్, కార్నర్ బిట్టు’ అని చూపించేవాళ్లున్నారు. తూర్పు తూర్పే, మూల మూలే. తప్పు పట్టడానికేముంది?

అసలు కళాఖండం ‘ఎస్ఎఫ్‌టీ’. చదరపు అడుగు అన్నారే గానీ ఎవరి చదరమో అనలేదు. 1,500 అడుగుల ఫ్లాట్, అడుగు 7,000 అనుకుందాం. కోటీ ఐదు లక్షలు. లిఫ్టు, మెట్లు, కారిడార్, క్లబ్ హౌస్‌లో మన వాటా అని బిల్టప్ మీద, అంటే గోడలూ బాల్కనీలతో సహా ఫ్లాటు కొలత మీద, 25 శాతం కలిపితేనే 1,500 అయింది. అది తీసేస్తే 1,200. బయటి గోడలు, బాల్కనీలు, పైపులు పోయే షాఫ్టులకు ఇంకో 180 పోతే మిగిలింది 1,020. 2016 నాటి రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కార్పెట్ ఏరియా అన్నది దీన్నే. ఇంటి లోపలి అడ్డుగోడల మందం కూడా ఇందులోనే ఉంది, కాబట్టి చాప పరిచే జాగా ఇంకాస్త తక్కువ. అడుగు ధర ఇప్పుడు సుమారు 10,300. ధర ఎవరూ పెంచలేదు, అడుగే చిక్కిపోయింది. (ఇది నగరవాసుల కనిపెట్టుడు అనుకోకండి. స్థలాన్ని కొలిచే అంకణం నెల్లూరులో 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36.)

రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన వేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు అంటుంది చట్టంలోని 3వ సెక్షన్. 500 చదరపు మీటర్లు మించని స్థలానికో, 8 ఫ్లాట్లు మించని కట్టడానికో మాత్రం మినహాయింపు. అందుకని చట్టాన్ని గౌరవించి ‘బుకింగ్’ అన్న మాటనే మానేశారు. ఇప్పుడు మీరిచ్చే లక్షలు ‘ఆసక్తి వ్యక్తీకరణ’. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో పదో వంతు మించి తీసుకోకూడదని 13వ సెక్షన్. ఆసక్తికి మాత్రం పరిమితి లేదంటారు మార్కెటింగ్ కుర్రాళ్లు, ‘హండ్రెడ్ పర్సెంట్ కడితే రేటు తగ్గిస్తాం సార్’ అని.

తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టినవాడికి నష్టపరిహారం ఇవ్వాలని 12వ సెక్షన్ చెబుతుంది. బ్రోచర్ చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాలు పుట్టింది దీనికి భయపడే: ‘చిత్రాలు ఊహాత్మకం, మార్పులకు లోబడి ఉంటాయి.’ స్విమ్మింగ్ పూల్ పక్కన నవ్వుతున్న కుటుంబం కూడా మార్పులకు లోబడే ఉంటుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. టోకెన్ ఇచ్చే ముందు ‘కూతవేటు’, ‘20 నిమిషాలు’, ‘ప్రపోజ్డ్’ ఈ మూడూ అగ్రిమెంట్‌లో రాయమని అడగండి. ‘అందులో అలాంటివి రాయరు సార్’ అంటాడు కుర్రాడు. అదీ నిజమే. దస్తావేజులో సర్వే నంబరు, గజాలు, నాలుగు హద్దులు ఉంటాయి. రింగ్ రోడ్డు రావాల్సిన వైపు చూస్తే, ‘తూర్పు: ఇతరుల భూమి’ అని ఉంటుంది.