పసుపు సూది, తెల్ల సూది, ఎర్ర సూది

మన హైదరాబాద్ పెట్ క్లినిక్కుల్లో ఒక మహత్తరమైన వైద్య విధానం నడుస్తోంది, ఇంతవరకూ దాన్ని ఎవరూ పద్ధతిగా గ్రంథస్తం చేయలేదు కాబట్టి ఆ పుణ్యకార్యానికి నేనే పూనుకుంటున్నా. ఈ విధానంలో మందులకి పేర్లుండవు. రంగులుంటాయి.

మీకు తెలిసిందే కదా ఎలా జరుగుతుందో. కుక్క పొద్దుట్నుంచీ ఏం తినట్లేదు, మూలన పడుకుంది, మీరు కంగారుగా ఎత్తుకుని పరిగెత్తారు. డాక్టర్ గారు చెవి మడిచి చూస్తారు, అక్కడో పిడుదు కనిపిస్తుంది (ఈ ఊళ్ళో పిడుదు పట్టని కుక్కని చూపిస్తే నేను దండ వేసి ఊరేగిస్తా), వెంటనే "టిక్ ఫీవర్ అమ్మా" అనేస్తారు. రక్తం తీయడం, స్లైడ్ మీద చూడటం, ప్లేట్‌లెట్లు లెక్కబెట్టించడం లాంటి చాదస్తాలేం పెట్టుకోరు. ఈలోగా లోపల గదిలోంచి అసిస్టెంట్ తమ్ముడు మూడు సిరంజిలు ముందే నింపుకుని ట్రేలో పట్టుకొస్తాడు. సీసాలు లోపలే ఉండిపోయాయి, లేబుళ్ళూ లోపలే. మీరు "ఏం ఇంజెక్షన్లు తమ్ముడూ?" అని అడిగారనుకోండి, చాలా మర్యాదగా చెప్తాడు పాపం. "ఎర్రదేమో బలానికి మేడమ్, పసుపుదేమో జ్వరానికి." మరి తెల్లది? "అది సార్ స్పెషల్."

అదండీ, సార్ స్పెషల్. బిర్యానీ సెంటర్లో కూడా స్పెషల్ అంటే గుడ్డు ఎక్స్‌ట్రా అని చెప్తారు.

తర్వాత ఇంట్లో వేయమని చిన్న కాగితం కవర్లో గోళీలు ఇస్తారు, స్ట్రిప్పు మీద పేరున్న ముక్క కత్తిరించేసి, పేరు లేని ముక్క మాత్రం భద్రంగా మీ చేతికి. కవర్ మీద 1-0-1 అని ఉంటుంది. ఏమిటి ఒకటి, ఏమిటి సున్నా అని అడక్కూడదు.

ఇంక బిల్లు చూడాలి, ఆ క్లినిక్కులో అక్షరజ్ఞానం మొత్తం బిల్లులోనే కనిపిస్తుంది. కన్సల్టేషన్ ఇంత, గ్లవ్స్ ఇంత, దూది ఇంత, సిరంజిలు ఇంత, మూతికి కట్టిన గుడ్డకి ఇంత, ఆ కింద "ఇంజెక్షన్స్ - 3". దూదికి పేరుంది, మందుకి లేదు. అదే క్లినిక్కు వాళ్ళు మీ కుక్క పుట్టినరోజు మాత్రం మర్చిపోరు, ఆ రోజు పొద్దున్నే కేకు బొమ్మతో వాట్సాప్ వస్తుంది, "హ్యాపీ బర్త్‌డే బ్రూనో బేబీ" అని, మూడు హార్టులతో. పుట్టినరోజు గుర్తుంది కానీ నిన్న వాడికి ఏం పొడిచారో మాత్రం రికార్డులో లేదు.

తిరుపతి లడ్డూలో ఏది ఎంత పడాలో కూడా దిట్టం ఉంటుంది, శనగపిండి ఎంత, నెయ్యి ఎంత, జీడిపప్పు ఎంత అని. శ్రీవారి ప్రసాదానికి లేని రహస్యం మన బ్రూనోగాడి పిరుదులో పొడిచిన మందుకి ఉందంటే ఆ మందు ఎంత మహిమాన్వితమైనదో ఆలోచించండి.

అయితే ఈ రంగుల వైద్యం అసలు వైభవం అర్ధరాత్రి బయటపడుతుంది. సాయంత్రం సూదులు వేసిన క్లినిక్కు తొమ్మిదింటికి షట్టర్ దించేస్తుంది, ఫోన్ స్విచ్చాఫ్, కుక్కేమో రెండింటికి వాంతులు మొదలెడుతుంది, మీరు ఊరంతా గాలించి ఎక్కడో ఇరవైనాలుగు గంటల క్లినిక్కు పట్టుకుని వెళ్తారు. అక్కడ నిద్రమొహంతో డ్యూటీ డాక్టరమ్మ అడిగే మొదటి ప్రశ్న, "సాయంత్రం ఏం ఇంజెక్షన్ చేశారు?" మీ జవాబు, "పసుపుది మేడమ్." ఆవిడ: "లేత పసుపా, ముదురు పసుపా?" మీ ఆయన: "కొంచెం గంధం రంగులో ఉంది." మీరు: "గంధం కాదండీ, మన చిన్నమ్మాయి ఓణీ ఫంక్షన్లో కట్టిన పట్టులంగా రంగు." మీ ఆయన ఫోన్లో ఆ ఫంక్షన్ ఫొటోలు వెతకడం మొదలెడతాడు. డాక్టరమ్మ ఆ ఫొటో రెండు వేళ్ళతో పెద్దది చేసి లంగా వైపు చూసి, ఏ యాంటీబయాటిక్ అయ్యుంటుందో ఊహిస్తుంది. వెనక బెంచీ మీద పర్షియన్ పిల్లితో కూర్చున్న అంకుల్ కూడా కలగజేసుకుంటాడు, "మా దానికి కూడా అదే వేశారండీ, కానీ మాకు నిమ్మకాయ రంగు." ఇంతమంది ఇంత కష్టపడే బదులు పశువైద్య కాలేజీలో ఫార్మకాలజీ తీసేసి ఏషియన్ పెయింట్స్ షేడ్ కార్డు సిలబస్‌లో పెట్టేస్తే సరిపోతుంది, రాజేంద్రనగర్ కాలేజీ వాళ్ళూ తిరుపతి కాలేజీ వాళ్ళూ ఈ విషయం పరిశీలించాలని మనవి. అయిదున్నరేళ్ళ కోర్సు వారంలో అయిపోతుంది.

నవ్వుతున్నారు కదా. ఇప్పుడు ఆ తెల్లది సంగతి చెప్తా వినండి.

ఆ సార్ స్పెషల్ చాలాసార్లు స్టెరాయిడ్. అది పడగానే కుక్క గంటలో లేచి కూర్చుంటుంది, ఆకలేస్తుంది, తోక ఊపుతుంది, మీరు "డాక్టర్ గారి చెయ్యి మంచిది" అని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడతారు. సరే. కానీ ఒంట్లో స్టెరాయిడ్ ఉండగా ఇంకో డాక్టర్ నొప్పికి పెయిన్ కిల్లర్ వేస్తే, మెలాక్సికామ్ లాంటిది, ఆ రెండూ కలిసి కడుపులో పుళ్ళు చేస్తాయి, పేగుల్లోంచి రక్తం పోతుంది. ఇది ఏ పశువైద్య విద్యార్థిని అడిగినా చెప్పే విషయం, గొప్ప పరిశోధన ఏం కాదు. ఒకదాని తర్వాత ఇంకోటి వేయాలంటే మధ్యలో కొన్ని రోజులు గ్యాప్ ఇవ్వాలి. గ్యాప్ ఇవ్వాలంటే ముందేం వేశారో తెలియాలి కదరా నాయనా! ఎక్కడ రాశారు? ఏ కాగితం మీద? మా కింది ఫ్లోర్ వాళ్ళ లాబ్రడార్ నల్లగా తారులాగా విరేచనాలు చేసుకుంటూ రెండు రోజులు కొట్టుకుని పోయింది, ఆ రెండు రోజులూ ఆ ఇంటి ముసలాయన మొదటి క్లినిక్కుకి ఫోన్ చేస్తూనే ఉన్నాడు, పేరు చెప్పండి బాబూ ఒక్క పేరు చెప్పండి అని, వాళ్ళు "సార్ క్యాంపులో ఉన్నారు" అన్నారు. అంతా అయిపోయాక సార్ గారు క్యాంపులోంచి దిగి ఒక మాట సెలవిచ్చారు, "మీ కుక్కకి ఇమ్యూనిటీ తక్కువ." సిగ్గులేదా అసలు? ఒక కాగితం, ఒక పెన్ను, రెండు లైన్లు. దానికి ఇమ్యూనిటీ తక్కువ కాదు, మీకు భయం తక్కువ, ఎందుకంటే అది కోర్టుకెక్కదు, వాళ్ళ వాళ్ళొచ్చి అద్దాలు పగలగొట్టరు.

పిల్లుల సంగతైతే ఇంకా ఘోరం, పారాసిటమాల్ మనకి జ్వరం గోళీ, పిల్లికి విషం, దాని లివర్ ఆ మందుని విరగ్గొట్టలేదు, రక్తకణాలు పాడై చిగుళ్ళు చాక్లెట్ రంగులోకి తిరుగుతాయి. పిడుదులకని ఎడాపెడా వాడే ఐవర్‌మెక్టిన్ కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి మెదడుకెక్కి ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి పేరు తెలియడం అంటే మాకేదో జనరల్ నాలెడ్జి సరదా కాదు.

అందరూ ఇంతే అనట్లేదు. నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆస్పత్రికి పోతే క్యూ ఉంటుంది, ఏసీ ఉండదు, బ్రూనో బేబీ అని ఎవరూ పిలవరు, కానీ చేతికి ఓపీ చీటీ వస్తుంది, దాని మీద మందు పేరు ఉంటుంది. అక్షరాలు కోడి గీకినట్టే ఉంటాయి, అయినా మెడికల్ షాపువాడు చదవగలడు, వాడికి ఆ వరం ఉంది. ప్రైవేటులో కూడా ఫైల్ పెట్టి, డోసు బరువుతో లెక్కగట్టి రాసిచ్చేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ దగ్గర జనం తక్కువ, ఎందుకంటే వాళ్ళు "ముందు బ్లడ్ టెస్ట్ చేద్దాం" అంటారు, గంటలో తోక ఊపించరు.

1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరైన వాళ్ళే వైద్యం చేయాలి, చిన్నా చితకా పనులు వేరేవాళ్ళు చేసినా డాక్టర్ పర్యవేక్షణలోనే చేయాలి. ట్రేతో వచ్చిన తమ్ముడు ఆ లెక్కలో ఎక్కడొస్తాడో మీరే చూసుకోండి. మన దేశంలో పశువులకి వేసిన సూది ఏమిటో తేలాలంటే ఇంతవరకూ అక్కరకొచ్చింది రాబందులే. ఆవులకి డైక్లోఫెనాక్ అనే పెయిన్ కిల్లర్ వేశారు, ఆ ఆవు చచ్చాక రాబందులు తిన్నాయి, కిడ్నీలు పోయి గుంపులు గుంపులుగా రాలిపోయాయి, అప్పుడు తేలింది సీసాలో ఏముందో. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు, 2023లో కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ కూడా. మాదాపూర్ అపార్ట్‌మెంట్లలో రాబందులు లేవు కాబట్టి మనమే తిప్పలు పడాలి.

మర్యాదగా అడిగి చూడండి, "సార్, వేసిన మందుల పేర్లు కొంచెం రాసిస్తారా?" ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని "మీరు డాక్టరా?" అంటారు. కాదంటే "మరి మీకెందుకు?" అవునంటే "ఏ కాలేజీ?" ఈ ప్రశ్నకి దారి లేదని తెలిసి మా కాలనీలో ఆడవాళ్ళు వేరే పద్ధతి కనిపెట్టారు. సూది వేస్తుండగా ఒకావిడ కుక్క తల పట్టుకుంటుంది, రెండో ఆవిడ చెప్పు తెగినట్టు కిందకి వంగి లోపల గది డస్ట్‌బిన్‌లో ఖాళీ సీసాల ఫొటో తీసేస్తుంది. చాలా బాగా పనిచేసింది. పోయిన వారం వెళ్తే డస్ట్‌బిన్‌కి మూత వచ్చింది, గోడ మీద కొత్త బోర్డు కూడా వచ్చింది, కంప్యూటర్లో టైపు చేయించి, లామినేషన్ చేయించి, తప్పుల్లేకుండా, సంతకంతో సహా: "లోపల ఫొటోలు తీయరాదు."