ప్లగ్గు పట్టినా మాట కలవదు

సన్ కంపెనీ పాత వర్క్‌స్టేషన్ (వృత్తి పనుల కోసం చేసిన శక్తివంతమైన కంప్యూటర్) కీబోర్డు చేతికి దొరికినవారు దాన్ని నేటి కంప్యూటర్‌కు కలపడానికి మొదట ప్లగ్గు మార్చే అడాప్టర్ కోసం వెతుకుతారు. అక్కడే దారి తప్పుతారు. సన్ టైప్ 5 అనే కీబోర్డు ప్లగ్గుకు ఎనిమిది పిన్నులు, పాత పీసీల గుండ్రటి కీబోర్డు ప్లగ్గు పీఎస్/2కు ఆరు. ఎలాగో తీగలు కలిపినా ఫలితం సున్నా. సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ వర్క్‌స్టేషన్ ఇండిగో కీబోర్డు ప్లగ్గయితే పీఎస్/2 సాకెట్‌లో చక్కగా దూరుతుంది కూడా. ఒక్క అక్షరం పడదు.

కారణం, కీబోర్డు లోపల ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది, దాని భాష దానిది. టైప్ 5 సీరియల్ పద్ధతిలో, అంటే ఒకే తీగ మీద ఒక్కో బిట్టుగా, సెకనుకు 1200 బిట్ల వేగంతో మాట్లాడుతుంది. కీ నొక్కితే ఒక సంఖ్య పంపుతుంది, వదిలితే అదే సంఖ్యకు 128 కలిపి పంపుతుంది. అన్ని కీలూ వదిలేశాక 127 పంపుతుంది. పసిపిల్లల లెక్కలా ఉంది కదా? మెలిక వోల్టేజీలో ఉంది. ఏ కీ నొక్కనప్పుడు, ఈ సంకేతాలను చదవడానికి మనం పెట్టే మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ చిప్) తన సీరియల్ లైను 5 వోల్టుల దగ్గర ఉండాలనుకుంటుంది. సన్ కీబోర్డు దాన్ని సున్నా దగ్గర ఉంచుతుంది. నేరుగా కలిపితే వచ్చేదంతా చెత్తే. మధ్యలో సంకేతాన్ని తిరగేసే 74హెచ్‌సీ04 లాంటి ఇన్వర్టర్ చిప్ పెట్టాలి, లేదా ప్రోగ్రాములోనే తలకిందులుగా చదివించాలి. ఆ తర్వాత ఏటీమెగా32యూ4 అనే మైక్రోకంట్రోలర్ ఉన్న చిన్న కన్వర్టర్ బోర్డు ఆ సంఖ్యలను యూఎస్‌బీ భాషలోకి మార్చేస్తుంది.

డెక్ అనే మరో కంప్యూటర్ కంపెనీ కీబోర్డు ఎల్‌కే201 అంత మంచి బాలుడు కాదు. షిఫ్ట్ వదిలే సమయానికి కంట్రోల్ కూడా నొక్కి ఉంటే, షిఫ్ట్ నొక్కినప్పటి సంకేతమే మళ్లీ వస్తుంది. ఏది నొక్కడమో ఏది వదలడమో కన్వర్టరే గుర్తుపెట్టుకోవాలి. ఒక్క బైటు జారిందంటే షిఫ్ట్ ఇరుక్కుపోయినట్టే.

ఇంత శ్రమ ఎందుకంటే, ‘ఎ’ అక్షరానికి ఎడమ పక్కనే ఉండే కంట్రోల్ కీ కోసం; ఎడమ అంచున స్టాప్, అగైన్, అన్‌డూ, కాపీ, పేస్ట్ అంటూ నిలబడ్డ వరుసల కోసం. యూఎస్‌బీ ప్రమాణంలో వీటికి విడివిడి సంఖ్యలే ఉన్నాయి. చాలామంది వాటిని వదిలేసి కాపీని కంట్రోల్-సి జంటగా మార్చేస్తారు. విండోస్‌లో అదే సుఖం, నిజమే. నాకు మాత్రం మనసొప్పదు.

సన్ కంపెనీని 2010లో ఒరాకిల్ కొనేసింది. అయినా దాని కీబోర్డులు బతికే ఉన్నాయంటే, గట్టి ప్లాస్టిక్ చలవ కొంతే. ఆ భాష సులువైనది, పైగా సన్ కంప్యూటర్లలోని స్పార్క్ ప్రాసెసర్ల ప్రమాణాలు చూసే సంస్థ స్పార్క్ ఇంటర్నేషనల్ దాన్ని పత్రంగా రాసి పెట్టింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లో (దాని మూలభాగంలో) ఆ భాష చదివే డ్రైవరూ ఉంది. నా సొరుగులో ఒక వైర్‌లెస్ కీబోర్డు ఉంది, టైప్ 5 కంటే వయసులో ఎంతో చిన్నది. వేలి గోరంత రిసీవర్ పోయింది. కీలన్నీ బాగానే ఉన్నాయి, బ్యాటరీ కొత్తది. అది గాలిలోకి ఏం పంపుతోందో దాని తయారీదారు ఎక్కడా రాయలేదు.