మధ్యధరా వారి ఎక్స్‌ట్రా పీటా గారికి

మహారాజశ్రీ ఎక్స్‌ట్రా పీటా గారికి,

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్ నుంచి మీ పాత కస్టమరు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. తలవడమే గానీ చూసి చెప్పే యోగం తక్కువ. పిలిచిన పావుగంటకు గానీ మీరు రారు, వచ్చాక రెండు నిమిషాలు మిగలరు.

ఈ ఉత్తరం మీ అన్నగారికి కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. ఆయన హమ్మస్ అనే శనగముద్ద గిన్నె పక్కన ఆరు రొట్టె ముక్కలై దర్జాగా వస్తారు. మెనూలో 'హమ్మస్ విత్ పీటా' అని ఆయనకు పేరుంది, హోదా ఉంది. మీ పేరు మాత్రం చివరి పేజీలో, మాక్‌టెయిళ్ల కింద, చత్వారం రాని వాళ్లకు మాత్రమే కనిపించే అక్షరాల్లో ఉంటుంది. ఎక్స్‌ట్రా పీటా, 90. అన్నగారు చుట్టపుచూపుగా వచ్చి వెళ్లిపోతారు. బిల్లు దాకా మా వెంట నడిచేది మీరే. అందుకే ఈ గౌరవం మీకు.

మీరు కాపురముండే 'మధ్యధరా' రెస్టారెంటు గురించి మా ఊరివాళ్లకు చెప్పాలి. కింద ఫర్నిచర్ షాపు, రెండో అంతస్తులో పళ్ల డాక్టరు, మూడో అంతస్తులో మధ్యధరా సముద్రం. గోడలు తెలుపు, తలుపులు నీలం, అంటే గ్రీసు. వేలాడే దీపాలు మొరాకోవి, పాటలు టర్కీవి, పాస్తా ఇటలీది, మీరూ హమ్మసూ లెబనాన్ వాళ్లు. కుండీలో ప్లాస్టిక్ ఆలివ్ చెట్టు, దాని మొదట్లో నిజం మట్టి. ఆ సముద్రం చుట్టూ ఉన్న ఇరవై పైచిలుకు దేశాలూ ఒకే ఫ్లోర్‌లో అద్దెకు దిగాయి గానీ సముద్రం ఒక్కటే రాలేదు. మా తూర్పు బెంగళూరులో నీటి ఒడ్డు అంటే బెళ్లందూరు చెరువే. అది 2017 ఫిబ్రవరిలో ఒకసారి, 2018 జనవరిలో మరోసారి నిప్పంటుకుని మండింది. అందుకే కాబోలు బోర్డు మీద 'వాటర్ వ్యూ' అని రాయించే ధైర్యం చేయలేదు.

మధ్యధరా అంటే భూముల మధ్య ఉన్నది అని చిన్నప్పుడు సోషల్ మాస్టారు చెప్పారు. ధర అంటే భూమి. మెనూ తెరిచాక ఆ సమాసాన్ని మళ్లీ విడగొట్టి చూసుకున్నాను. ధర ఉంది, మధ్యలో మాత్రం లేదు.

ఇక గత ఆదివారం సంగతి. రావులపాలెం నుంచి మా అత్తయ్యగారు వచ్చారు. ఆవిణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్లాలి. సర్జాపూర్ రోడ్డు వైపు వెళ్తే రాత్రికి తిరిగి రాలేం కనుక మీ దగ్గరికే వచ్చాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, మొత్తం ఐదుగురం.

"పీటా చెబుదామా అమ్మా?" అంది మా ఆవిడ.

"పీటెందుకే, కుర్చీలున్నాయిగా," అన్నారు అత్తయ్యగారు.

మీకు నవ్వులాటగా ఉంటుందేమో గానీ, మా ప్రాంతంలో పీటకు చాలా విలువుంది. పెళ్లి జరిగేది పీటల మీదే. ఎవరినైనా గౌరవిస్తే పెద్దపీట వేశారంటాం. అక్కడ మాకు వేసింది చిన్నపీట. అది కూడా ఆరు ముక్కలు చేసి.

హమ్మస్ గిన్నె వచ్చింది. చూడముచ్చటగానే ఉంది, అబద్ధం ఆడకూడదు. చెంచా వీపుతో గుండ్రంగా తిప్పిన గుంట, అందులో ఆలివ్ నూనె మడుగు, మడుగులో మూడు కాబూలీ శనగలు, పైన చిటికెడు ఎర్రపొడి. గిన్నెలో ఉన్నది నూటయాభై గ్రాములు ఉంటుంది. పక్కన మీ అన్నగారు, ఆరు త్రికోణాలు. ఐదుగురం తలా ఒకటి తీసుకున్నాం. ఆరోది పళ్లెంలో మిగిలింది.

తెలుగువాళ్ల ముందు చివరి ముక్క పెట్టకూడదు పీటా గారూ. ఎవరూ తియ్యరు. అందరూ చూస్తారు, చూడనట్టు నీళ్లు తాగుతారు. "మీరు తీసుకోండి," "అబ్బే నాకొద్దు, నువ్వు తీసుకో," అని మూడు రౌండ్లు తిరిగాక, అత్తయ్యగారు తీర్పిచ్చి దాన్ని మా చిన్నాడి పళ్లెంలో వేశారు. వాడు హమ్మస్ ముట్టడు. ఆ ముక్కను కెచప్‌లో ముంచుకుని తిన్నాడు.

అప్పటికి గిన్నె ముప్పాతిక భాగం నిండుగానే ఉంది. మాది పేదరికం కాదు, రొట్టె అయిపోయిందంతే. మొదట కీర ముక్కలతో తీసుకున్నాం. అవి అయ్యాక ఫోర్కుతో. ఫోర్కుకు హమ్మస్ ఎంత అంటుతుందో మీకు తెలుసు. సర్వరు అటు తిరిగినప్పుడు చూపుడువేలు వాడినవాళ్లు కూడా మా టేబుల్ మీద ఉన్నారు. పేర్లు చెప్పను. అప్పుడు తప్పక మిమ్మల్ని పిలిచాం.

మీరు రావడానికి పట్టిన పావుగంటలో నేను టిష్యూ పేపర్ మీద ఒక లెక్క వేశాను. 2010 మే నెలలో లెబనాన్ వంటవాళ్లు ఒకే పళ్లెంలో 10,452 కిలోల హమ్మస్ కలిపి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆ అంకె గాలిలోంచి తీసింది కాదు, లెబనాన్ వైశాల్యం 10,452 చదరపు కిలోమీటర్లు. సరే, మన బ్రూక్‌ఫీల్డ్ పద్ధతిలో ఆ పళ్లేన్ని వడ్డిస్తే? నూటయాభై గ్రాములకు ఒక పీటా చొప్పున 69,680 అన్నగార్లు ఉచితంగా వస్తారు. గిన్నె ఖాళీ కావాలంటే ఒక్కో గిన్నెకు కనీసం ఇద్దరు మీలాంటివాళ్లు కావాలి. 1,39,360 ఎక్స్‌ట్రా పీటాలు, తొంభై చొప్పున 1,25,42,400 రూపాయలు. లెబనాన్ వాళ్లకు రికార్డు దక్కింది గానీ వ్యాపారం తెలియలేదు.

మీరు రాలేదు కనుక ఇంకొంచెం పాత సంగతులు గుర్తొచ్చాయి. పదేళ్ల కింద నేను కుందలహళ్ళి గేటు దగ్గర పీజీలో ఉండేవాణ్ణి. పక్క సందులో ఆంధ్రా మెస్సు. ఆకు వేసి, పప్పు, వేపుడు, పులుసు, కందిపొడి, దాని మీద నెయ్యి. అన్నం బకెట్ పట్టుకున్న మనిషి మన వెనకాలే తిరిగేవాడు. చాలు అని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వేసి పోయేవాడు. చికెన్‌కు డబ్బు, ఆమ్లెట్‌కు డబ్బు. అన్నానికి విడిగా డబ్బు తీసుకుంటారన్న ఆలోచన అక్కడ ఎవరికీ వచ్చినట్టు లేదు. వచ్చి ఉంటే ఆ సాయంత్రమే మెస్సు బోర్డు కిందకు దిగేది.

మా భాషలో కొసరు అని ఒక మాటుంది. కిలో వంకాయలు తూచాక కూరగాయలమ్మ పైన పడేసే ఇంకో కాయ, రెండు రెబ్బల కరివేపాకు, అదీ కొసరు. అసలు కంటే కొసరు ముద్దు అంటాం. ఎక్స్‌ట్రా అంటే మా కొసరుకు ఇంగ్లీషు అనుకున్నాను ఇన్నాళ్లూ. రెండూ వేరని, ఎక్స్‌ట్రా అంటే కొసరు ధరల పట్టికలోకి ఎక్కడమని మీ వల్లే తెలిసింది.

మీ బంధువర్గం గురించి కూడా వాకబు చేశాను, ఏమనుకోకండి. ఈజిప్టులో మీ జాతి రొట్టెను ఐష్ అంటారు. అరబ్బీలో ఆ మాటకు బతుకు అని అర్థం. 1977 జనవరిలో అక్కడి ప్రభుత్వం తిండి సరుకుల మీద రాయితీలు కోస్తామంటే జనం వీధుల్లోకి వచ్చారు, ప్రాణాలు కూడా పోయాయి. రెండు రోజులు తిరక్కుండానే సదాత్ ప్రభుత్వం వెనక్కి తగ్గింది. రాయితీ రొట్టె ధరను దశాబ్దాల పాటు 5 పియాస్టర్ల దగ్గరే ఉంచి, 2024 జూన్‌లో గుండె చిక్కబట్టుకుని 20 చేశారు. వంద పియాస్టర్లు అయితే ఒక ఈజిప్టు పౌండు. మా లెక్కలో ఆ ఇరవై అర్ధరూపాయి కూడా కాదు. ఇక్కడ మేము తొంభై అన్న అంకె చూసి వీధుల్లోకి రాము. పక్క టేబుల్ వాళ్లు వింటారేమోనని గొంతు తగ్గించి "వన్ మోర్" అంటాం.

ఆ ఐష్ అన్న మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మాదాకా వచ్చింది. "వాడికేంరా, ఐష్ చేస్తున్నాడు" అంటాం. కైరోలో రొట్టె, బెంగళూరులో విలాసం. ఇన్నాళ్లూ ఇది మాట ప్రయాణంలో జరిగిన పొరపాటనుకున్నాను. మీ రేటు చూశాక ఇక్కడి అర్థం కూడా సరైనదేనని ఒప్పుకుంటున్నాను. మీ చిన్న చిన్న గిన్నెల చిరుతిళ్లకు పెట్టిన మెజ్జే అన్న పేరు కూడా ఇలాంటిదే. పర్షియన్‌లో మజా అంటే రుచి. అదే మాట ఒకవైపు వెళ్లి మెజ్జే ప్లాటర్ అయింది, ఇటువైపు వచ్చి మన మజా అయింది. మజా ఎవరిదో బిల్లు వచ్చాక తెలుస్తుంది.

మీకోసం ఎదురు చూస్తుండగా మా మాటలు విని సర్వరు కుర్రాడు దగ్గరికొచ్చాడు. మదనపల్లె అబ్బాయి. అత్తయ్యగారి ముఖం వెలిగిపోయింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్న సామెత మీద ఆవిడకు బోలెడు నమ్మకం.

"బాబూ, పప్పు పోసి అన్నానికి వేరే డబ్బులంటే ఎలాగయ్యా?"

వాడు కౌంటర్ వైపు ఒకసారి చూసుకుని మెల్లగా అన్నాడు. "నేను చెప్పినానని చెప్పొద్దండమ్మా. ఈసారి షవర్మా ప్లేట్ తీసుకోండి. దాంట్లో రొట్టెలు రెండొస్తాయి. ఇదైతే ఒగటే."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు కొట్టేసినాం కదమ్మా."

వడ్డించేవాడు మనవాడే. బిల్లు కొట్టే యంత్రం ఎవరి వాడూ కాదు. ఈ రెండో ముక్క సామెతలో లేదు.

చివరికి మీరు వచ్చారు. బుట్టలో, గుడ్డ కప్పుకుని, పెళ్లికూతురిలా. కాస్త పొంగు కూడా ఉంది. గట్టి సెగ తగిలితే లోపలి తేమ ఆవిరై పైపొరనూ కిందిపొరనూ విడదీస్తుంది, మా పుల్కాది కూడా అదే పద్ధతి. కానీ పుల్కా పెనం మీంచి పళ్లెంలోకి వస్తుంది. మీరు ఓవెన్ నుంచి కౌంటర్‌కు, కౌంటర్ నుంచి లెక్కల పుస్తకానికి, అక్కడి నుంచి మాకు. రెండు నిమిషాలు మీరు రొట్టె. ఐదో నిమిషానికి చెప్పు అట్ట. ఆ రెండు నిమిషాల్లో ఐదుగురం మీద పడ్డాం. హమ్మస్ ఇంకా సగం ఉంది. మళ్లీ పిలిచాం. మళ్లీ.

మధ్యలో బక్లావా అనే పొరల మిఠాయి వచ్చింది, దాని గురించి ఎక్కువ చెప్పను. గ్రీకు భాషలో ఫిలో అంటే ఆకు అట. ఆ పల్చటి పొరలకు అదే పేరు. అత్తయ్యగారికి ఆత్రేయపురం కూతవేటు దూరం, పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చినప్పుడు సొంతింట్లో పెళ్లయినంత హడావుడి చేసిన మనిషి. ఫోర్కు కొసతో ఒక్కో పొరా లేపి చూసి, "రేకు మందంగా ఉంది," అని పక్కన పెట్టేశారు. తర్వాత ఎవరూ చూడనప్పుడు తినేశారు.

బిల్లు. మీరు ముగ్గురు, 270. మీ మీద 5 శాతం జీఎస్టీ పదమూడున్నర, అందులో ఢిల్లీకి ఆరూ ముప్పాతిక, కర్ణాటకకు ఆరూ ముప్పాతిక. పొరలూడే రొట్టె మీద రెండు ప్రభుత్వాలు! ఏది రొట్టె అన్న తగవు ఈ రాష్ట్రానికి కొత్త కాదు లెండి. 2020లో ఏ సరుకుకు ఎంత పన్నో ముందుగా తేల్చే కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ ప్యాకెట్ పరోటా రొట్టె కిందికి రాదని, 18 శాతం కట్టాలని తేల్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రొట్టెకూ పరోటాకూ పన్నే లేదన్నారు. హోటల్లో కూర్చుని తింటే మాత్రం పన్ను తప్పదు.

దాని కింద సర్వీస్ ఛార్జి, 10 శాతం. మీరు ఆలస్యంగా వచ్చినందుకు ఇరవై ఏడు రూపాయలు. మా ఆవిడ ఊరుకోలేదు. వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలైలోనే దీన్ని తమంతట తాము బిల్లులో కలపొద్దంది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే నిలబెట్టింది అని గడగడా చెప్పింది. మేనేజర్ తీసేశాడు. తీసేటప్పుడు ఆయన ముఖం చూస్తే చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బు ఇస్తున్నట్టుంది.

అంతా అయ్యాక కూడా గిన్నె అడుగున రెండు చెంచాల హమ్మస్ మిగిలింది. అత్తయ్యగారు పార్సిల్ కట్టించారు, డబ్బాకు పదిహేను రూపాయలు. మర్నాడు పొద్దున దిబ్బరొట్టెలోకి నంజుకుంటూ, "ఇది బాగానే ఉందర్రా, రాత్రి ఎందుకంత గొడవ పడ్డారూ?" అన్నారు. దిబ్బరొట్టె ఒక్కటి ఐదుగురికీ సరిపోయింది, ఇంకో ముక్క మిగిలింది కూడా.

కావున, వచ్చే ఆదివారం మా బావమరిది వాళ్లు కూడా వస్తున్నారు, మళ్లీ మీ దగ్గరికే. ఆ చివరి పేజీ వదిలి అన్నగారితో పాటు ఒకే బుట్టలో రమ్మని ప్రార్థన. డబ్బులు కావాలంటే హమ్మస్‌లోనే కలుపుకోమనండి. మేము గమనించం. మా బలహీనతలు మేనేజర్‌కు తెలియనివి కావు.

ఇట్లు,
తమ విధేయుడు,
నాలుగో నంబరు టేబుల్

తా.క.: టేబుల్ బుక్ చేయడానికి ఫోన్ చేశాను. ఎంతమంది అని అడిగారు. తొమ్మిది మందిమి, పద్దెనిమిది పీటాలు అన్నాను. కాసేపు అవతల ఏమీ వినపడలేదు. పీటాలకు రిజర్వేషన్ లేదట.