ఇదే నా ఆఖరి ఉద్యోగం (రేపటి వరకు)

2024 జూన్ 24 రాత్రి, అమెరికాలోని ఒమాహా నగరంలో, జిమ్ ష్లాస్‌నేగల్ అనే పెద్దమనిషిని ఒక విలేకరి అడగరాని ప్రశ్న అడిగాడు. కాసేపటి క్రితమే ఆయన కోచ్‌గా ఉన్న జట్టు, టెక్సాస్ ఏ అండ్ ఎం, కాలేజీ బేస్‌బాల్ జాతీయ ఫైనల్లో మూడో మ్యాచ్‌ని టెనెసీకి 6-5తో సమర్పించుకుంది. ఒకే ఒక్క పరుగు తేడా. ఆ యూనివర్సిటీ ఎప్పుడూ చూడని ట్రోఫీ అలా చేజారింది. విలేకరి అడిగిందల్లా ఒకటే: మీరు ప్రత్యర్థి టెక్సాస్ యూనివర్సిటీకి వెళ్ళిపోతున్నారని అనుకుంటున్నారు, మీరేమంటారు అని. ఆయనకు ఒళ్ళు మండింది. ఇలాంటప్పుడు ఇలా అడగడం స్వార్థం అన్నాడు. ఇక జన్మలో మరో ఉద్యోగంలో చేరకూడదనే ఈ ఉద్యోగంలో చేరానన్నాడు.

మర్నాడు ఆయన టెక్సాస్ యూనివర్సిటీ కోచ్.

జనం ఆడిపోసుకున్నారు. నేను మాత్రం ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఆయన చెప్పింది చేరిననాటి ఉద్దేశం. చేరేటప్పటి ఉద్దేశమే మానేసేటప్పుడు కూడా ఉండాలని ఏ కాంట్రాక్టులో రాసి ఉంది? పైగా మన దగ్గర ఇదే పని చేసే నాయకుడు ముందు కార్యకర్తల సమావేశం పెడతాడు, కంటతడి పెడతాడు, నియోజకవర్గ అభివృద్ధి కోసం గుండె రాయి చేసుకున్నానంటాడు, వారం పది రోజులు నలిగాక గానీ కండువా మార్చడు. ష్లాస్‌నేగల్ ఆ తంతునంతా ఒక్క పూటలో ముగించాడు. మాట తప్పాడేమో గానీ మడమ తిప్పలేదు, తిన్నగా టెక్సాస్ యూనివర్సిటీ ఉన్న ఆస్టిన్ వైపే నడిచాడు. దూరం కూడా ఎంతని, సుమారు వంద మైళ్ళు.

ఆ వంద మైళ్ళ లోతేమిటో తెలియాలంటే టెక్సాస్‌లో చదివే మన పిల్లల్ని అడగాలి. ఈ రెండు యూనివర్సిటీల్లోనూ తెలుగువాళ్ళున్నారు. బేస్‌బాల్‌లో ఎన్ని బేస్‌లుంటాయో తెలియని కుర్రాడు కూడా, చేరిన మొదటి నెలలోనే, అవతలి యూనివర్సిటీని చూసి మొహం చిట్లించడం నేర్చుకుంటాడు. అక్కడ అది సిలబస్‌లో లేని తప్పనిసరి సబ్జెక్టు.

అసలు ఈ కొలువు ఎలాంటిదో చెప్పాలి. కాలేజీ బేస్‌బాల్ హెడ్ కోచ్‌ది వేషంతో మొదలయ్యే వృత్తి. క్రికెట్ కోచ్ టీషర్టు వేసుకుని బాల్కనీలో కూర్చుంటాడు. బాస్కెట్‌బాల్ కోచ్‌కి ఏ సూటో టీషర్టో ఉంటుంది. బేస్‌బాల్ కోచ్ మాత్రం అరవై ఏళ్ళొచ్చినా, పొట్ట ముందుకొచ్చినా, పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళతో సమానంగా బిగుతు ప్యాంటు వేసి, వీపు మీద నంబరు తగిలించుకుని మైదానంలోకి దిగాలి. ఏ క్షణంలోనైనా బ్యాటు పట్టుకుని సబ్‌స్టిట్యూట్‌గా వస్తాడేమోనన్న భయం కొత్తగా చూసేవాళ్ళకి చివరిదాకా ఉంటుంది. పూర్వం జట్టు కెప్టెనే మేనేజర్‌గానూ (అంటే కోచ్‌గానూ) ఉండేవాడట, అందుకని ఈ ఆచారం. కారణం పోయి వందేళ్ళు దాటినా ప్యాంటు మిగిలింది.

ఏ బంతి వేయాలో కూడా చాలా జట్లలో డగౌట్‌లోంచి (మైదానం అంచున జట్టు కూర్చునే చోటు) కోచే చెబుతాడు. క్యాచర్ ముంజేతికి కట్టుకున్న పట్టీలో నంబరు చూసుకుని పిచ్చర్‌కి అందిస్తాడు, పిచ్చర్ విసురుతాడు. బంతి దెబ్బతిని అవతలికి ఎగిరిపోతే మాత్రం, కుర్రాడు సరిగ్గా విసరలేకపోయాడని మైకు ముందు చెప్పే బాధ్యత మళ్ళీ కోచ్‌దే. ఈ విభజనలో తప్పు పట్టడానికేమీ లేదు.

ఈ కుర్చీలోకి చేరే దారి మాత్రం మహా పవిత్రమైంది. మొన్న మొన్నటి దాకా, అంటే 2023 వేసవి వరకు, డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో పై అంచె) బేస్‌బాల్‌లో ‘వాలంటీర్ అసిస్టెంట్ కోచ్’ అనే పదవి ఒకటుండేది. హెడ్ కోచ్ కాదలచుకున్న వాళ్ళలో ఎందరో ఆ మెట్టెక్కినవాళ్ళే. పని మిగతా కోచ్‌లందరిలాగే పొద్దుట్నుంచి రాత్రిదాకా ఉంటుంది. జీతం సున్నా. ఇవ్వడానికి యూనివర్సిటీ ముచ్చటపడినా ఇవ్వకూడదని నియమం. వాన పడితే మైదానం మీద టార్పాలిన్ లాగడం, ఎండ వస్తే తీయడం, వేసవిలో పిల్లల శిక్షణ శిబిరాలు పెట్టుకుని వచ్చిన డబ్బుతో అద్దె కట్టడం. ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్సులో, అంటే యూనివర్సిటీల లీగులో, పేరున్న హెడ్ కోచ్‌లు ఏటా పది లక్షల డాలర్లకు పైగా తీసుకుంటున్న కాలంలోనే, అదే డగౌట్‌లో, అదే యూనిఫాం వేసుకున్న మరో మనిషి నిష్కామ కర్మ చేస్తుండేవాడు. గీతాసారం అమెరికాలో అమలైన చోటు ఇదొక్కటే అనుకుంటాను.

పిల్లల లెక్కకూడా రమ్యంగా ఉండేది. జట్టు మొత్తానికి అనుమతించిన స్కాలర్‌షిప్‌లు 11.7. పన్నెండు కాదు, పదకొండు పాయింట్ ఏడు. దాన్ని ఇరవై ఏడుగురి దాకా పంచుకోవచ్చు. కోచ్ అన్నవాడు ఒకరింటికి వెళ్ళి, మీవాడు బంగారం, మా కుటుంబంలో ఒకడు, అందుకని పావు వంతు ఫీజు మేం కడతాం, మిగతా ముప్పావు వంతు మీ కుటుంబమే కట్టాలి అని తల్లిదండ్రుల్ని ఒప్పించేవాడు. ఒప్పించి, కాఫీ తాగి, వాళ్ళచేత థాంక్స్ చెప్పించుకుని వచ్చేవాడు. అంత నేర్పరి తన ఉద్యోగం గురించి ఒక్క విలేకరిని ఒప్పించలేకపోవడమే ఒమాహాలో నాకు ఆశ్చర్యం కలిగించింది. 2025-26 నుంచి, కొత్త ఏర్పాటులో చేరిన యూనివర్సిటీలకు ఆ 11.7 నిబంధన పోయి, ముప్ఫై నలుగురు ఆటగాళ్ళ పరిమితి వచ్చింది. దశాంశ స్థానాల్లో ప్రేమ పంచే కళ కొన్నాళ్ళకి అంతరించిపోతుంది.

ఒకే చోట ఉండిపోతే గౌరవం దక్కుతుందనే అమాయకులకి మైక్ మార్టిన్ జీవితం చూపించాలి. ఫ్లోరిడా స్టేట్‌లో 1980 నుంచి 2019 దాకా నలభై సీజన్లు హెడ్ కోచ్. నలభైకి నలభై సార్లూ జాతీయ టోర్నమెంట్‌కి జట్టుని తీసుకెళ్ళాడు. 2,029 విజయాలతో రిటైరయ్యాడు. డివిజన్ 1లో అప్పటిదాకా అన్ని విజయాలు ఎవరికీ లేవు. ఆ టోర్నమెంట్ తుది దశ జరిగే ఒమాహాకి పదిహేడు సార్లు వెళ్ళాడు. జాతీయ ట్రోఫీలు? ఒక్కటీ లేదు. తర్వాత కొడుకుని అదే కుర్చీలో కూర్చోబెట్టారు, మూడు సీజన్లకి దింపేశారు. మరో పక్క ఆగీ గరీడో ఉన్నాడు. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్, అక్కడినుంచి ఇల్లినాయ్, మళ్ళీ ఫుల్లర్టన్, ఆపైన టెక్సాస్. ఐదు జాతీయ ట్రోఫీలు. ఇక మీరే లెక్కేసుకోండి.

నా వాదనకి అడ్డొచ్చేవాడు ఒక్కడున్నాడు, రాడ్ డిడో. దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీలో నలభై అయిదు సీజన్లు కదలకుండా కూర్చుని, పదకొండు జాతీయ ట్రోఫీలు తెచ్చాడు. 1970 నుంచి వరసగా ఐదేళ్ళు మరెవర్నీ ట్రోఫీ దగ్గరికి రానీయలేదు. జీతం నామమాత్రంగా ఏడాదికి ఒక డాలర్ తీసుకునేవాడని చెబుతారు. కానీ ఆయనకి సొంత ట్రక్కుల కంపెనీ ఉండేది. లారీలున్నవాడికి నిష్ఠ ఒక లెక్కా? ఆయన్ని ఉదాహరణగా తీసుకోకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. కోచ్ అమ్మే సరుకు ఆట ఒక్కటే కాదు, విధేయత కూడా. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు సంతకం పెట్టేటప్పుడు ఈ జెర్సీ ముందు నువ్వెంత అని నూరిపోస్తారు. ఆ కుర్రాడు మనసు మార్చుకుని మరో డివిజన్ 1 యూనివర్సిటీకి వెళ్తే, 2021లో నియమం సడలించేదాకా, సాధారణంగా ఒక ఏడాది ఆడకుండా బెంచీ మీద కూర్చోవాలి. చపలచిత్తం మంచిది కాదని, చదువు దెబ్బతింటుందని పెద్దల ఆందోళన. ఆ ఆందోళనంతా పిల్లల గురించే. కోచ్ ఊరు మారితే ఏ బెంచీ లేదు. చదువైపోయిన మనిషి కదా, దెబ్బతినడానికేముంది. కాంట్రాక్టు తెంచుకున్నందుకు పాత యూనివర్సిటీకి కొంత సొమ్ము కట్టాల్సి రావచ్చు, అది కూడా చాలాసార్లు పిలిచినవాళ్ళే కడతారు. తీరా 2021లో పిల్లలకీ దారి తెరిస్తే, వీళ్ళకి నిలకడ లేదు, ఈ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (యూనివర్సిటీ మారదలచిన ఆటగాళ్ళ జాబితా) ఆటని చంపేస్తోందని బాధపడిన కోచ్‌లకి లెక్కలేదు. అదే ఏడాది జూన్‌లో ష్లాస్‌నేగల్ పద్దెనిమిది సీజన్లు పనిచేసిన టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీని (టీసీయూ) వదిలి ఏ అండ్ ఎంకి వచ్చాడు. అదే జూన్‌లో జే జాన్సన్, జట్టుని ఒమాహాకి తీసుకెళ్ళిన అరిజోనాని వదిలి లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్‌ఎస్‌యూ) వెళ్ళి, 2023లో, 2025లో జాతీయ ట్రోఫీ కొట్టాడు. నిలకడ అంటే అదీ, ఎక్కడికెళ్ళినా గెలవడం.

ష్లాస్‌నేగల్‌ని పిలిచింది కూడా పరాయివాళ్ళేం కాదు. టెక్సాస్ క్రీడా విభాగం అధిపతి క్రిస్ డెల్ కాంటె ఒకప్పుడు టీసీయూలో అదే పదవిలో ఉన్నవాడు, పాత పరిచయం. తర్వాత ఆ విలేకరికి కోచ్‌గారు క్షమాపణ కూడా చెప్పుకున్నారు. ఏ అండ్ ఎం అభిమానులకి మాత్రం ఆ పూట భోజనం సయించలేదు. వాళ్ళ కొత్త హెడ్ కోచ్ మైకేల్ అర్లీ ఎవరనుకున్నారు? ష్లాస్‌నేగల్ దగ్గర అసిస్టెంటు, ఆయన వెంటే ఆస్టిన్ వెళ్ళి, రోజుల్లోనే వెనక్కి పిలిపించుకున్న మనిషి. దూకిన గోడ మళ్ళీ దూకితే అది స్వామిభక్తి కింద జమ.

ఫలితాలంటారా? 2025 సీజన్ మొదట్లో దేశంలో నంబర్ వన్ అని పేరు తెచ్చుకున్న ఏ అండ్ ఎం, చివరికి అరవై నాలుగు జట్ల టోర్నమెంట్‌లో కూడా చోటు దక్కించుకోలేకపోయింది. టెక్సాస్ ఎస్‌ఈసీలో అడుగుపెట్టిన తొలి ఏడాదే లీగ్ విజేత. ఆ ఊపు మీద రెండో సీడ్‌గా టోర్నమెంట్‌లో దిగి, సొంత మైదానంలో, శాన్ ఆంటోనియోలోని యూటీఎస్‌ఏ అనే యూనివర్సిటీ చేతిలో ఓడి ఇంటికెళ్ళింది. ఇంటికెళ్ళడం అంటే వీధి దాటడమే.

ఇక ఏ అండ్ ఎంని ఆ రాత్రి ఓడించిన టెనెసీ కోచ్ టోనీ విటెల్లో సంగతి. 2025 అక్టోబరులో, మరి కొన్ని నెలల్లో సీజన్ ఉందనగా, శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకి మేనేజర్‌గా వెళ్ళిపోయాడు. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఒక్కరోజు కూడా పనిచేయకుండా కాలేజీ నుంచి తిన్నగా ఆ కుర్చీలో కూర్చున్న మొదటివాడు. అంటే ఆ ఒమాహా ఫైనల్లో రెండు డగౌట్లలో ఉన్న హెడ్ కోచ్‌లు ఇద్దరూ ఏడాదిన్నర లోపే వేరే జెర్సీల్లో ఉన్నారు.

అందుకే కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏకి ఒక వినతి. పిల్లలకి తీసేసిన ఆ ఏడాది నిరీక్షణని వృథా పోనివ్వకుండా కోచ్‌లకి బదిలీ చేయండి. ఊరు మారిన కోచ్ ఏడాదిపాటు కొత్త జట్టుని నడపకూడదు. అలాగని ఖాళీగా కూర్చోమనడం అన్యాయం కాబట్టి, రద్దు చేసిన ఆ వాలంటీర్ పదవిని ఆయన కోసం తిరిగి తెరవండి. టార్పాలిన్ లాగే చోట మనిషి అవసరం ఎప్పుడూ ఉంటుంది. జీతం గురించి టెన్షన్ అక్కర్లేదు, వేసవి శిబిరాల డబ్బు ఆయనే ఉంచుకోవచ్చు.