మేడ మీది తేనెపెట్టె గారికి

విశాఖపట్నం,
బీచ్ రోడ్డుకి రెండు సందుల అవతల.

పెట్టె గారూ, నమస్కారం.

నేను కింద హోటల్ స్టోర్ రూం తాళాలు పట్టుకు తిరిగేవాణ్ణి. మీరు మూడంతస్తుల పైన, నేను మెట్ల కింద. మన మధ్య మాటలు లేకపోయినా లెక్కలున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

మీరు వచ్చిన రోజు ఓనర్ గారు కొబ్బరికాయ కొట్టారు. చీమలు ఎక్కకుండా మీ కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాలంటే మాస్టర్ నాలుగు సాంబారు గిన్నెలు తెచ్చి పెట్టాడు. నా స్టాకు పుస్తకంలో ఆ నాలుగూ ఇప్పటికీ తక్కువే. మర్నాటికి మెనూ కార్డు మారింది. హనీ చిల్లీ పొటాటో పక్కన చిన్న తేనెటీగ బొమ్మ, దాని కింద ‘మా మేడ మీది తేనెతో’ అని, రేటు మీద 60 రూపాయలు ఎక్కువ.

మీలో దిగినవి మన దేశవాళీ ఈగలు. ఏడాదికి పెట్టెకి నాలుగైదు కిలోలు వస్తే సంతోషించాలి. మా కిచెన్‌కి వారానికే ఆరు కిలోలు కావాలి. ఒక్కో ఈగ జన్మంతా తిరిగి చేసేది చెంచాలో పన్నెండో వంతు. ప్లేటుకి రెండు చెంచాలు, అంటే ఇరవై నాలుగు ఈగల జీవితం. అందులో సగం కస్టమర్ ప్లేటులోనే వదిలేస్తాడు, అది వేరే సంగతి.

మరి మిగతా తేనె? డబ్బాల్లో వస్తోంది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ హెడ్డాఫీసు ఈ ఊళ్ళోనే ఉంది. ఏజెన్సీ కొండల తేనె అమ్ముతుంది. ‘అదే కొని, అదే పేరు కార్డు మీద వేద్దామండీ’ అన్నాను. ‘అందరూ కొనుక్కునే తేనెకి 60 రూపాయలు ఎవడిస్తాడయ్యా’ అన్నారు ఓనర్ గారు. నిజమే, ఆయన నాకంటే తెలివైనవారు.

కస్టమర్లతో మాత్రం ‘కైలాసగిరి అడవిపూల తేనె’ అనేవారు. మీ వాళ్ళు నిజంగా ఎటు పోతున్నారో చూద్దామని ఒక మధ్యాహ్నం సందంతా తిరిగాను. సందు చివర చెరకు రసం బండి మీద ఒక గుంపు, మిఠాయి కొట్టు జిలేబీ పళ్ళెం చుట్టూ ఇంకో గుంపు. పూలు ఎక్కడున్నాయో ఈగ నాట్యం చేసి తోటి ఈగలకి చెబుతుందని తేల్చినందుకు కార్ల్ వాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. మన ఈగలు నాట్యం చేసి చెప్పుకున్నది బహుశా జిలేబీ కొట్టు అడ్రసు.

తేనె తీసేటప్పుడు కాస్త పొగ చూపిస్తే ఈగలు నెమ్మదిస్తాయి. మేం కాస్తతో ఆగలేదు. కిచెన్ చిమ్నీ మూతి మీకు పది అడుగుల దూరంలోనే ఉంది. పొద్దున్న పదకొండు నుంచి రాత్రి పదకొండు దాకా ఎండుమిర్చి ఘాటు. ఉద్యోగాల్లోంచి మనుషుల్ని పొగబెట్టి పంపేయడం చాలా చూశాను గానీ, పొయ్యి అంటించి మరీ పొగబెట్టడం ఇదే మొదటిసారి. పైగా మే నెల. కింద కాలే శ్లాబు, పక్కన ఏసీల వేడి గాలి. గూడు వేడెక్కకుండా పాపం రెక్కలతో విసురుకునేవి.

ఒక పొద్దున్న వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ‘బాబూ, ఒక్కీగ నేదు. అన్నీ ఎల్లిపోనాయి.’ దేశవాళీ ఈగలకి ఇది కొత్త కాదు. కష్టమొస్తే ఇల్లు వదిలేస్తాయి. మీ అద్దెవాళ్ళు ఎదురు అపార్ట్‌మెంట్ గోడ కన్నంలో చేరారని విన్నాను. అక్కడ చిమ్నీ లేదు, మెనూ కార్డూ లేదు.

భయంభయంగా ఓనర్ గారికి చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ‘పెట్టె ఉందిగా?’ అన్నారు. సాయంత్రానికి మీకు పసుపు రంగు వేయించారు. ఆ రంగు డబ్బా ఖర్చు కిచెన్ సరుకుల్లో రాయించారు.

నిన్న ఒక కుటుంబం మీ ముందు సెల్ఫీ దిగడానికి పైకి వచ్చింది. పిల్లాడు వాళ్ళమ్మ చీర పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ‘కుడతాయా అంకుల్?’ అని అడిగాడు.

‘అస్సలు కుట్టవు నాన్నా, చాలా మంచివి’ అన్నాను.

ఇట్లు,
నాలుగు సాంబారు గిన్నెలు ఇంకా రావలసి ఉన్న
స్టోర్ కీపర్