సత్యభామ జడకు బిందువేదీ?

కూచిపూడి నాట్యాన్ని కంప్యూటరు చూడటం మొదలుపెట్టింది. ఇది అందరూ సంతోషించవలసిన విషయం. ఇన్నాళ్ళూ గురువులు చూశారు, మృదంగం వాయించేవాళ్ళు చూశారు, ముందు వరస సోఫాల్లో కూర్చున్న ముఖ్య అతిథులు చూడకుండానే చప్పట్లు కొట్టారు. ఒకరి లెక్క ఇంకొకరితో ఎప్పుడూ కలవలేదు. ఇప్పుడా బాధ లేదు. ఫోను ముందు నిలబడితే చాలు, మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేరు మనిషి ఒంటి మీద 33 బిందువులు పెట్టి, గీతలతో కలిపి, అగ్గిపుల్లల బొమ్మ చేసి చూపిస్తుంది. ఆ బొమ్మ ఆడుతుంది కూడా. నాట్యం ఇక భద్రమైపోయినట్టే.

మన దేవతలూ ముప్పై మూడు కోట్లే కనుక సంఖ్య దగ్గర శాస్త్రవిరోధం లేదు. పంపకం దగ్గరే కాస్త పేచీ. ముఖానికి 11 ఇచ్చారు: ముక్కుకొకటి, కళ్ళకు మూడేసి, చెవులకు రెండు, పెదవుల కొసలకు రెండు. ఒక్కో చేతికి ఆరు: భుజం, మోచెయ్యి, మణికట్టు, ఆపైన చిటికెనవేలు, చూపుడువేలు, బొటనవేలు. మధ్యవేలికీ ఉంగరపు వేలికీ ఈ జాబితాలో చోటు దక్కలేదు. కాలికి అయిదు. మెడకు సున్నా, వెన్నుకు సున్నా. పాత నాట్యశాస్త్ర గ్రంథం అభినయ దర్పణం ఒక్క మెడకే నాలుగు భేదాలు, చూపుకు ఎనిమిది భేదాలు చెప్పింది. ఈ 33 బిందువులను ఎంత గాలించినా కనుపాప ఎటు తిరిగిందో తేలదు. అన్నిటికన్నా అన్యాయం, జడకు బిందువు లేదు.

దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయకూడదు. కూచిపూడివారి పేరున్న నృత్యనాటకం భామాకలాపంలో సత్యభామ తెర వెనకాలే ఉండి, ముందుగా జడను తెర మీదుగా బయటికి వేస్తుంది. విద్యలో తనను ఓడించగలవాళ్ళుంటే వచ్చి ఈ జడ కోసుకుపొమ్మని సవాలు. ముఖం కనపడకముందే పాత్ర సభలోకి వచ్చేసింది. జనం ఊపిరి బిగబట్టి ఆ జడను చూస్తున్నారు. సరిగ్గా ఆ క్షణంలో సాఫ్ట్‌వేరు నమోదు చేసేది: మనిషి లేరు, బిందువులు సున్నా. ముప్పై నాలుగో బిందువు కోసం కూచిపూడి అగ్రహారం ఇంతవరకూ ధర్నా చేయకపోవడం ఆశ్చర్యం.

చేతులకు వేరే నమూనా ఉంది, చేతికి 21 బిందువులు. నర్తకి ఎదురుగా నిలబడి ఒంటిచేతి ముద్ర పడితే బాగానే పనిచేస్తుంది. పతాకానికీ అర్ధచంద్రానికీ తేడా బొటనవేలే కాబట్టి ఆ మాత్రం పోల్చుకుంటుంది. అరచెయ్యి పక్కకు తిరిగిందా, వేళ్ళు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. అక్కడ్నుంచి అది చెప్పేది జోస్యమే. ఇక రెండు చేతుల ముద్రలు దానికి పరమ శత్రువులు. మత్స్యం పట్టి, ఒక చేతి మీద ఇంకో చెయ్యి పెట్టి బొటనవేళ్ళు ఆడిస్తే కింది చెయ్యి మాయమవుతుంది; చేప నీళ్ళలో మునిగి చచ్చింది. కర్కటంలో వేళ్ళు పెనవేస్తే ఏ వేలు ఎవరిదో తేల్చడానికి కోర్టుకు వెళ్ళాలి. అంజలి పట్టి నమస్కారం పెడితే తరచూ ఒక చెయ్యే మిగులుతుంది. వినయానికి ఇంత శిక్ష ఎక్కడా లేదు.

వేగం సంగతి చూద్దాం. తాళం నిమిషానికి 80 నడుస్తుంటే, దెబ్బకు నాలుగు చొప్పున మూడో కాలంలో అడుగుకూ అడుగుకూ మధ్య 190 మిల్లీసెకన్లు కూడా ఉండవు. సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోనుకు అందులో చిక్కేవి అయిదో ఆరో. పాదం నేలను తాకే క్షణం ఒక ఫ్రేములో పడితే పడింది, లేకపోతే లేదు. ట్యూబులైటు వెలుగులో అది కూడా మసక. మృదంగం ఆయన మాత్రం ఆ అడుగు పడలేదని తల ఎత్తకుండానే చెప్పేస్తాడు. ఆయనకు ఎన్ని ఫ్రేములో ఎవరూ కొలవలేదు.

డబ్బున్న సంస్థలు ఈ బాధలు పడవు. వాళ్ళు పరారుణ కెమెరాలు పెట్టి, నర్తకి ఒంటికి మెరిసే గోళీలు అంటించి, సెకనుకు వందకు పైగా ఫ్రేములు తీస్తారు. ఇక్కడ షరతు ఒక్కటే: గోళీలు తప్ప ఇంకేదీ మెరవకూడదు. వడ్డాణం తీసెయ్యాలి, ఎందుకంటే దాని రాళ్ళు దొంగ గోళీల్లా కనబడి ఒంటికి లేని కీళ్ళు పుట్టిస్తాయి. గజ్జెలు తీసెయ్యాలి. పాపిటబిళ్ళ, జడబిళ్ళ తీసెయ్యాలి. కుచ్చెళ్ళు మోకాళ్ళను కప్పుతాయి కనుక చీర బదులు నల్లటి బిగుతు దుస్తులు. తరంగంలో అంచుల మీద నిలబడి ఆడే ఇత్తడి పళ్ళెం అసలే కుదరదు, అది నిలువెత్తు అద్దంలాంటిది. చెమటకు గోళీలు ఊడిపోతాయి, మళ్ళీ అంటించాలి. బలంగా అడుగేస్తే పిక్క మీది గోళీ చర్మంతోపాటు ఊగి, ఎముక వణికినట్టు లెక్క తేలుస్తుంది. కూచిపూడిలోంచి కూచిపూడి అంతా తీసేశాక మిగిలినదాన్ని అత్యంత కచ్చితంగా భద్రపరుస్తారు.

ఇక్కడ సిద్ధాంతకర్తలు ప్రవేశిస్తారు. వారి మాట తెలుసుకోవాలంటే ముందు ఒక భేదం తెలియాలి: శరీరం డాక్టర్లది, ఒళ్ళు మనది, దేహం సెమినారుది. మోకాళ్ళు బయటికి వంచి సగం కూర్చునే అరమండిలో పిల్ల మోకాళ్ళు లోపలికి వాలితే గురువు కర్రతో తడతాడు. ఇది దేహం మీద అధికారం; 1975లో ఫ్రెంచి తత్వవేత్త ఫూకో క్రమశిక్షణ గురించి రాసినదంతా ఆ కర్ర చివర ఉంది. అదే మోకాలికి ఫోను ఆకుపచ్చ గీతను ఎర్రగా మారిస్తే, అది ఫీడ్‌బ్యాక్. (ఎదురుగా పెట్టిన ఫోనుకు లోతు సరిగా తెలియదు. నడుము వెనక్కి తోసి కూర్చున్న పిల్లకు మంచి మార్కులే పడతాయి. కర్రకు పక్కనుంచి చూసే సౌకర్యం ఉంది.)

అదే 1975లో బ్రిటిష్ సినీ సిద్ధాంతకర్త లారా మల్వీ సినిమాలో పురుషుడి చూపు గురించి రాశారు. దాన్ని భామాకలాపానికి తగిలించబోయిన ప్రతి పరిశోధకుడికీ తల తిరిగింది. ఆడవేషాలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామయి, కృష్ణుడి కోసం విరహపడుతుంటే, సభలో ఆడామగా అందరూ ఆ భామనే చూస్తుంటే, ఎవరి చూపు ఎవరి మీదో తేలేసరికి మంగళహారతి అయిపోతుంది.

అయినా సిద్ధాంతం అడిగిన ఒక ప్రశ్నను వెక్కిరించడానికి వీల్లేదు: ఈ డేటాలో ఎవరి దేహం ఉంది? భామాకలాపం, గొల్లకలాపం కూచిపూడి మగ నటులైన భాగవతుల ఒక్కరి సొత్తు కాదు. ఆటపాటలే వృత్తిగా ఉన్న కలావంతుల స్త్రీలూ ఆడారు. దేవదాసీ పద్ధతిని నిషేధించిన 1947 మద్రాసు చట్టం తర్వాత వాళ్ళ ఆటకు వేదికలు పోయాయి. ఆ నడక ఈ కెమెరాలకు ఎవరూ నేర్పినట్టు లేదు. జవాబు కోసం వాళ్ళ కుటుంబాలున్న గోదావరి జిల్లాలకు వెళ్ళాలి. సెమినారు భోజనానికి వెళ్ళింది.

ముద్రలను చదవడం, అధికారాన్ని నిలదీయడం, ఈ రెండు పనులనూ సెమినారు లేకుండా చేసినవాడు మనకు ఒకడున్నాడు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1917లో కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషు చేశాడు. తర్వాత చీరాల-పేరాలలో మునిసిపల్ పన్నులకు ఎదురు తిరిగి ఊరినే ఖాళీ చేయించాడు. ముద్రలూ తెలుసు, అధికారమూ తెలుసు. ఆయన పేరు మీద ఇంతవరకూ ఒక్క యాప్ కూడా రాలేదు.

వేదిక మీద సాంకేతికత గురించి రెండు ముక్కలు. 1999లో అమెరికన్ నాట్యాచార్యుడు మెర్స్ కన్నింగ్‌హామ్ ఎనభై ఏళ్ళ వయసులో, నర్తకుల కదలికలను కంప్యూటరుతో పట్టి, పల్చటి తెర మీద గీతల మనుషులుగా వేయించాడు. మనవాళ్ళు దాన్ని పెళ్ళి ఎల్‌ఈడీ గోడతో సాధించబోతారు. చిక్కేమిటంటే, గోడ వెలిగితే నర్తకి ముఖం నీడలో పడుతుంది, గోడ బదులు ప్రొజెక్టరు పెడితే, ముఖం మీద లైటు వేయగానే బొమ్మ వెలిసిపోతుంది. పాత భాగవతులకు ఈ చిక్కు లేదు. పాత్ర రాగానే దివిటీ మీద గుప్పెడు గుగ్గిలం చల్లితే భగ్గున మండి ముఖం కనిపించేది, మరుక్షణం ఆరేది. దివిటీ పట్టినవాడికి ఏ దరువు (పాత్ర పాట) దగ్గర చల్లాలో తెలుసు. ఆ మనిషి పేరు కరపత్రంలో వేయలేదు. ఇప్పుడు లైటింగ్ డిజైనరు పేరు నర్తకి పేరుకన్నా పెద్దది, కనుక సామాజిక న్యాయం కొంత జరిగినట్టే.

చివరగా సింహనందిని. 128 అక్షరాల తాళం. నేల మీద ముగ్గుపొడి, దాని మీద నర్తకి పాదాలతో తాళం తప్పకుండా సింహం బొమ్మ గీస్తుంది. పాదాల కదలికను పట్టి బొమ్మగా మార్చే యంత్రం కావాలని ఇంజనీర్లు తపించేది దీనికోసమే. ఇక్కడ యంత్రం ఖర్చు గంపెడు పిండి. ఫోను దీన్ని కూడా తీసింది. రిపోర్టు: పాదాలు నేల నుంచి పెద్దగా లేవలేదు, వ్యాయామం తక్కువ. సింహం ఊసే లేదు, ఎందుకంటే పిండికి బిందువులు లేవు. ఆ సింహం రాజ్యాధికారానికి సంకేతమా, ప్రతిఘటనకా అని సిద్ధాంతకర్త అడిగారు. ముందు డేటా శుభ్రం చేయాలని ఇంజనీరు అన్నాడు. నర్తకి లోపలికి వెళ్ళి జడ విప్పుకుంటోంది. వాళ్ళిద్దరూ ఇంకా వాదించుకుంటున్నారు, సింహం మీదే నిలబడి. తోక ఇప్పటికే పోయింది.